నీరు నిలిస్తే కుర్చీ నిలవదు

భారతీయ గృహజీవితంలో సగపాలు ఇంటి గోడలకు వెలుపలనే సాగుతూ వచ్చింది. తెలుగునాట వీధి అరుగు, కేరళలో పూముఖం, గుజరాతులో ఓట్లో, బెంగాలులో రోయాక్, ఉత్తరాది పల్లెలలో ఆంగన్: పేర్లు వేరైనా ప్రయోజనం ఒక్కటే. సాయంకాలపు గాలి, ఇరుగుపొరుగువారి ముచ్చట, పెద్దల విశ్రాంతి, పిల్లల చదువు అన్నీ అక్కడే. ఈ ఏర్పాట్లన్నిటిలోను ఒక ఉమ్మడి సూత్రం కనబడుతుంది. బయట శాశ్వతంగా ఉండిపోయేది మట్టితోనో, ఇటుకతోనో, రాతితోనో కట్టినది. కొయ్యతోను, తాడుతోను చేసినది పొద్దు వాలిన తరువాత బయటకు వచ్చి, మబ్బు పట్టగానే లోపలికి పోయేది. నులక మంచాన్ని పగలు గోడకు చేరవేసేవారు. చాపను చుట్టి మూలకు పెట్టేవారు. వానకు వదిలివేసిన సామాను అన్నది పాతకాలపు ఇళ్లలో దాదాపు లేదు.

నేటి ఇంటి సంగతి వేరు. పెరటిలోనో, మేడమీదనో, బాల్కనీలోనో వేసిన కుర్చీలు, బల్లలు సంవత్సరం పొడవునా అక్కడనే ఉంటాయి. మే నెల ఎండ, వానాకాలపు జల్లు, మార్గశిరపు మంచు అన్నీ వాటిపైనే. ఫలితంగా వేల రూపాయలు పోసి కొన్న సామాను మూడవ వానాకాలం దాటకముందే కీళ్లు వదులై, తుప్పు పట్టి, ఒకనాడు కూర్చున్నవారితో సహా కూలబడడం వింత కాకుండా పోయింది. కొన్నవారు సరుకు నాసిరకమని దుకాణదారును నిందిస్తారు. దుకాణదారు వానలో ఉంచడమే తప్పంటాడు. ఇద్దరి మాటలోను సగం నిజమున్నది. మిగిలిన సగం ఇద్దరి దృష్టికీ రాదు.

ఆరుబయటి సామానును చెరిచేది వాన కాదు. వాన వెలిసిన తరువాత పోవడానికి దారి లేక నిలిచిపోయిన నీరు. ఈ ఒక్క మాట గుర్తుంచుకున్నవారికి ఏ కుర్చీ కొనాలి, దానిని ఎక్కడ వేయాలి, ఏటా ఏమి చేయాలి అనే ప్రశ్నలన్నింటికీ సగం సమాధానం దొరికినట్లే.

తడి ఎలా తినివేస్తుంది?

కొయ్యను కుళ్లబెట్టేవి కంటికి కనిపించని శిలీంధ్రాలు. వాటికి గాలి, వెచ్చదనం, తేమ మూడూ కావాలి. మన దేశంలో మొదటి రెండింటికి కొరత లేదు. కావున మనిషి చేతిలో ఉన్నది మూడవది ఒక్కటే. కొయ్యలోని తేమ దాని ఎండు బరువులో నూటికి 20 పాళ్లకు లోపల ఉన్నంతకాలం కుళ్లు మొదలు కాదు. బాగా ఆరిన కర్రలో సాధారణంగా 12 పాళ్లు ఉంటుంది. ఒక జడివానకు తడిసిన బల్ల ఒకటి రెండు రోజులు గాలి తగిలితే తిరిగి ఆరిపోతుంది. దానికి అపాయం లేదు. కాని రెండు కొయ్యలు కలిసే కీలులోకి దిగిన నీరు వారాల తరబడి ఆరదు. అందుకే పాత బెంచీలను చూస్తే బద్దల నడుమభాగం గట్టిగానే ఉంటుంది. కాళ్ల అడుగులు, కీళ్ల మొదళ్లు మాత్రం చేతితో నలిపితే పొడి అవుతాయి.

ఇనుము విషయమూ ఇంతే. తుప్పు పట్టడానికి నీరు, గాలిలోని ప్రాణవాయువు రెండూ కలిసి పనిచేయాలి. రంగు పూసిన గొట్టపు కుర్చీ వెలుపల నుండి చక్కగా కనబడుతూనే లోపలి నుండి తరిగిపోతూ ఉంటుంది. గొట్టం కొసనున్న ప్లాస్టిక్ మూత పగిలినచోట నీరు లోపలికి ప్రవేశిస్తుంది. బయటపడే దారి ఉండదు.

నిలిచిన నీటికి మరొక దోషం కూడా ఉన్నది. డెంగీ జ్వరాన్ని వ్యాపింపజేసే ఏడిస్ దోమ మురికికాలువను కాక నిలువ ఉన్న తేటనీటినే కోరుకుంటుంది. గుంటపడిన కుర్చీ పీటలోను, బల్లపై కప్పిన పట్టా ముడతలోను నిలిచిన గిద్దెడు నీరు దాని సంతానానికి చాలు. గుడ్డు దోమగా మారడానికి వారం, పదిరోజులు పడుతుంది. కావున వానాకాలంలో వారానికి ఒకసారి ఈ సామానును తిరగవేసి ఆరబెట్టడం కుర్చీ ఆయుష్షుకే కాదు, కుటుంబ ఆరోగ్యానికీ అవసరం.

చేవ ఉన్న కర్ర

తెలుగులో గట్టి మనిషిని చేవ ఉన్నవాడు అంటారు. ఆ మాట వడ్రంగి పనినుండి వచ్చినదే. చెట్టు మానును అడ్డంగా కోసినప్పుడు నడుమ ముదురు రంగులో కనిపించేది చేవ. దాని చుట్టూ లేతరంగులో ఉండేది బ్రతికి ఉండగా రసాన్ని మోసిన భాగం. ఈ లేతభాగంలో పిండిపదార్థం ఉంటుంది గనుక పురుగుకు, బూజుకు అదే ఆహారం. టేకుతో సహా ఏ జాతి కర్రకైనా మన్నిక చేవలోనే గాని లేతభాగంలో లేదు. టేకు అన్న పేరు విని ధర చెల్లించినవారు చాలామంది తమ కుర్చీలో టేకు చేవ ఎంత, తెల్లకర్ర ఎంత అని అడగరు.

టేకు ప్రతిష్ఠ ఊరకే వచ్చినది కాదు. దానిలో సహజంగా ఉండే నూనెలు, మరికొన్ని రసాయన పదార్థాలు చెదలను, శిలీంధ్రాలను దూరంగా ఉంచుతాయి. తడిసి ఆరినప్పుడు అది ఇతర కర్రలంతగా వంకర పోదు. ఓడల నిర్మాణానికి దాని గిరాకీ ఎంతగా పెరిగిందంటే, 19వ శతాబ్దంలో మలబారు అడవులు తరిగిపోవడం చూసి, అప్పటి కలెక్టరు కానొలీ 1840లలో నీలంబూరు వద్ద టేకు తోట నాటించాడు. మొలకెత్తించే కిటుకు కనిపెట్టి ఆ పనిని నడిపించినవాడు చాతు మేనోన్. ప్రపంచంలో మనిషి నాటిన తొలి టేకుతోటగా పేరుపొందిన ఆ వనంలో కొంతభాగం నేటికీ నిలిచి ఉన్నది. తరిగిపోయిన అడవిని చూసి నాటిన తోట అది. నేటి కొనుగోలుదారుకు అందులో ఒక పాఠమున్నది: మంచి కర్ర తయారు కావడానికి మనిషి జీవితకాలమంత సమయం పడుతుంది, దానిని ఐదేళ్లలో కుళ్లబెట్టడం డబ్బు నష్టం మాత్రమే కాదు.

నేడు బజారుకు వచ్చే టేకులో చాలాభాగం పెంపకపు తోటలలో చిన్నవయసులో కొట్టినది. అటువంటి చెట్టులో చేవ తక్కువ, లేతభాగం ఎక్కువ. దీనిని గుర్తించడం కష్టం కాదు. రంగు పూయని, మెరుగు పెట్టని దశలో కర్రను చూపించమని అడగాలి. బద్ద అంచున పాలిపోయిన పట్టీ కనబడితే అది తెల్లకర్ర. దుకాణదారు ముదురురంగు పూసి మాత్రమే చూపిస్తే బద్దల అడుగువైపు చూడాలి. రంగు అక్కడికి సరిగా చేరదు.

టేకు కొనే స్తోమత లేనివారు నిరాశ చెందనక్కరలేదు. నల్లమద్ది, నల్లతుమ్మ, వేప కర్రలతో తరతరాలుగా బండ్లు, నాగళ్లు, ద్వారబంధాలు చేస్తూనే వచ్చారు. ఇవి టేకుకన్న బరువు. ఎండకు కొంత బీటలు వారతాయి. అయితే బాగా ఆరబెట్టిన చేవతో చేయించి, వాననీరు నేరుగా పడని వసారాలో వేస్తే దీర్ఘకాలం మన్నుతాయి. మామిడి, రబ్బరు కర్రలు మాత్రం ఆరుబయటికి తగవు. ఇంటిలోపల అందంగా ఉండే ఈ కర్రలకు పురుగును, కుళ్లును ఎదిరించే స్వభావం తక్కువ.

కర్ర మంచిదైనంత మాత్రాన చాలదు. కూర్పు తెలిసి ఉండాలి. కూర్చునే పీటను ఒకే వెడల్పాటి పలకతో చేయరాదు. కర్ర నిలువునా దాదాపు కదలదు గాని అడ్డంగా తేమను బట్టి ఉబ్బుతుంది, కుదించుకుంటుంది. కావున సన్నని బద్దలను వరుసగా అమర్చి, వాటి మధ్య చిటికెన వేలు పట్టేంత సందు విడవాలి. నీరు జారిపోతుంది, గాలి ఆడుతుంది, బద్ద ఉబ్బినా పక్కదానిని నెట్టదు. పీట వెనుకకో ముందుకో కొద్దిగా వాలి ఉండాలి. బల్ల అంచులు కొంచెం గుండ్రంగా ఉంటే రంగు నిలుస్తుంది. పదునైన అంచుమీద ఏ పూతా నిలవదు.

కీళ్ల విషయంలో ఒక నియమం పాటించవచ్చు. ఒక కొయ్య కొసను చెక్కి, మరొక కొయ్యలో తొలిచిన రంధ్రంలో బిగించిన కీలు అన్నిటికన్న గట్టిది. కేవలం మేకులతోను, జిగురుతోను అతికించినది అన్నిటికన్న బలహీనం. మరమేకులు వాడినచోట ఇత్తడివిగాని మేలైన స్టెయిన్‌లెస్ స్టీలువిగాని ఉండాలి. సాదా ఇనుప మేకు టేకులో దిగితే చుట్టూ నల్లని మరక ఏర్పడుతుంది. తుప్పు పెరిగి రంధ్రం వదులవుతుంది.

చండీగఢ్ నగర నిర్మాణ కాలంలో 1950లలో పియెర్ జన్నెరే ప్రభుత్వ కార్యాలయాలకోసం రూపొందించిన టేకు, పేము కుర్చీల కథ ఇక్కడ గుర్తుచేసుకోదగినది. అవి తోట సామాను కాకపోయినా వాటి కట్టుబడి సూత్రం అన్నిటికీ వర్తిస్తుంది. దళసరి టేకు కాళ్లు, సూటియైన కీళ్లు, తెగితే మళ్లీ అల్లుకోదగిన పేము పీట. కొంతకాలానికి విరిగినవాటిని బాగుచేయించక కుప్పలుగా పడవేసి పాతసామానుగా వేలం వేశారు. వాటినే కొని, శుభ్రపరచి, పేము తిరిగి అల్లించిన వ్యాపారులు విదేశాల వేలంశాలల్లో లక్షల రూపాయలకు అమ్ముకున్నారు. 2011లో కేంద్రప్రభుత్వం వాటి అమ్మకాన్ని నిషేధించవలసి వచ్చింది. బాగుచేయడానికి వీలైన కుర్చీయే మన్నికైన కుర్చీ అనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

వెదురు, పేము

అస్సాం, త్రిపురల నుండి వచ్చే వెదురు, పేము సామాను తేలికైనది, చవకైనది, కంటికి ఇంపైనది. అయితే దానికి రెండు శత్రువులున్నవి. మొదటిది పురుగు. వెదురులో పిండిపదార్థం మెండు. దానికోసం చిన్న పురుగు తొలిచి, మెత్తని తెల్లని పొడిని రాలుస్తుంది. కుర్చీ కింద ఉదయాన్నే అటువంటి పొడి కనబడితే ఆలస్యం చేయరాదు. పూర్వం కోసిన వెదురును పారే నీటిలో వారాల తరబడి నానవేసేవారు, పిండి కరిగిపోయేది. ఇప్పుడు వెలిగారం, బోరిక్ ఆమ్లం కలిపిన నీటిలో ఊరవేస్తున్నారు. ఈ మందు మనిషికి పెద్దగా హాని చేయదు గాని వాననీటికి కొట్టుకుపోతుంది. అందుచేత శుద్ధి చేసిన వెదురైనా కప్పు కింద ఉండవలసినదే.

రెండవ శత్రువు పేముకు సంబంధించినది. అది అతిగా తడిసినా చెడుతుంది, అతిగా ఎండినా చెడుతుంది. రాజస్థాన్, తెలంగాణ వేసవి గాలులకు పేము పెళుసెక్కి విరుగుతుంది. వేసవిలో అప్పుడప్పుడు తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరనిస్తే మెత్తదనం నిలుస్తుంది. పేములా కనిపించే ప్లాస్టిక్ పట్టీల అల్లిక సామాను వానకు తట్టుకుంటుంది; అయితే లోపలి చట్రం అల్యూమినియమా, సాదా ఇనుమా అని తెలుసుకున్న తరువాతనే కొనాలి. ఇనుమైతే అల్లిక చెక్కుచెదరకముందే చట్రం తుప్పు పడుతుంది, పైకి కనబడదు.

ఇనుము, ఉప్పుగాలి

ఢిల్లీలో మెహ్రౌలీ ఇనుపస్తంభం సుమారు 1600 సంవత్సరాలుగా ఎండకు వానకు నిలిచి ఉన్నది. 7 మీటర్లకు పైబడిన ఎత్తు, 6 టన్నులకు మించిన బరువు గల ఆ స్తంభం మనవారి లోహవిద్యకు తార్కాణం. దాని రహస్యం ఆ ఇనుములో అధికంగా ఉన్న భాస్వరం. దాని కారణంగా లోహంపై పలుచని రక్షకపొర ఏర్పడిందని శాస్త్రజ్ఞులు నిరూపించారు. ఆరిన గాలి గల ఢిల్లీ వాతావరణం కూడా దానికి తోడ్పడింది. నేటి కర్మాగారపు ఇనుములో ఆ భాస్వరాన్ని దాదాపు తొలగించివేస్తారు. కనుక నేటి ఇనుప కుర్చీకి ఆ రక్షణ మనమే పూయాలి.

పోతయినుము బరువైనది, దీర్ఘాయువు గలది. కాని కింద పడితే పగులుతుంది. సాదా ఇనుపకడ్డీలతో చేసిన సామాను ఊరి కమ్మరి చేతనైనా బాగుచేయించుకోవచ్చు. జస్తాపూత కలిగిన ఇనుము ఇంకా మేలు. గీత పడినచోట కూడా జస్తా తాను ముందు కరిగి ఇనుమును కాపాడుతుంది. గొట్టపు సామాను కొంటే ప్రతి కాలి అడుగునా నీరు కారిపోయే చిన్న రంధ్రం ఉన్నదో లేదో చూడాలి. లేకపోతే వేయించుకోవాలి.

విశాఖపట్నం, చెన్నై, ముంబయి, పూరీ వంటి సముద్రతీర నగరాలలో నివసించేవారు మరింత జాగ్రత్త వహించాలి. ఉప్పుగాలికి తేమను ఆకర్షించే గుణమున్నది. వాన లేని రోజున కూడా లోహం తడిగానే ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు అన్న పేరుతో బజారులో మూడు రకాలు సాధారణంగా దొరుకుతాయి. 202 అనేది చవకైనది. తీరంలో త్వరలోనే మచ్చలు పడుతుంది. 304 లోతట్టు ప్రాంతాలకు చాలు. మాలిబ్డినం కలిసిన 316 సముద్రపు గాలికి తగినది. 202కు, 304కు తేడా అయస్కాంతంతో తేలదు. కనుక రశీదుపై రకం సంఖ్య వ్రాయించుకోవడం ఒక్కటే మార్గం. అల్యూమినియం తుప్పు పట్టదు. అయితే దానికి ఇనుప బోల్టు బిగిస్తే రెండు లోహాలు తాకినచోట ఉప్పునీరు చేరి తినివేత మొదలవుతుంది. నడుమ ప్లాస్టిక్ వాషరు వేస్తే సరిపోతుంది.

రాయి, సిమెంటు

పల్లె రచ్చబండకు మించిన మన్నికైన ఆసనం లేదు. నేటికీ రెండు రాతి దిమ్మెలు, వాటిపై ఒక బండ వేసిన బెంచీకి నిర్వహణ ఖర్చు శూన్యం. గ్రానైటు అన్నిటికన్న గట్టిది. కడప, తాండూరు, షాబాదు బండలు సున్నపురాతి జాతివి. చవకగా దొరుకుతాయి గాని పులుపుకు లొంగుతాయి. వాటిపై నిమ్మరసం, చింతపండు రసం ఒలికితే మచ్చ పడుతుంది. వాటిని ఆమ్లంతో కడగడం బండను చేతులారా తినివేయడమే. బండను ముందుకు అంగుళంలో పావువంతు వాలుగా వేయిస్తే నీరు నిలవదు, పాచి పట్టదు.

సిమెంటు బెంచీలో లోపలి ఇనుపకడ్డీ పైపొరకు మరీ దగ్గరగా ఉండరాదు. తుప్పు పట్టిన ఇనుము రెండింతలకు పైగా ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి సిమెంటు పెచ్చులూడుతుంది. బెంచీపై సన్నని నెరియ కడ్డీ వెంబడి కనబడిన వెంటనే పూడ్చడం తేలిక. పెచ్చు ఊడిన తరువాత చేయగలిగినది తక్కువ.

ప్లాస్టిక్ కుర్చీలో దాగిన ప్రమాదం

1972లో ఫ్రాన్సులో ఆన్రీ మాసొనే అనే రూపశిల్పి ఒకే అచ్చులో రెండు నిమిషాలలోపు కుర్చీని పోతపోసే పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఆ జాతి కుర్చీలే నేడు మన పెండ్లి పందిళ్లలో, టీకొట్ల ముందు, ఆసుపత్రి వరండాలలో కనిపిస్తాయి. తేలికదనం, చవకదనం, ఒకదానిపై ఒకటి పేర్చే వీలు వాటి సుగుణాలు. నీరు వాటిని ఏమీ చేయదు. వాటిని చెరిచేది ఎండ. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పాలీప్రొపిలీన్ అణుగొలుసులను తెంచివేస్తాయి. రంగు వెలుస్తుంది, వేలితో రుద్దితే తెల్లని పొడి అంటుకుంటుంది, క్రమంగా కుర్చీ పెళుసెక్కుతుంది.

ఇక్కడనే అసలు అపాయమున్నది. కొయ్య కుర్చీ విరగబోయేముందు కిర్రుమంటుంది, ఊగుతుంది, హెచ్చరిస్తుంది. పెళుసెక్కిన ప్లాస్టిక్ కుర్చీ ఏ హెచ్చరికా ఇవ్వదు. కాలి మొదట్లో ఒక్కసారిగా తెగుతుంది. వెనుకకు పడినవారు వృద్ధులైతే తుంటి ఎముక విరిగే అవకాశమున్నది. ఆ గాయం చాలామంది వృద్ధులను మంచాన పడవేస్తుంది. కావున పొడి రాలుతున్న కుర్చీని, కాళ్ల మొదళ్లలో సన్నని నెరియలు కనబడిన కుర్చీని పెద్దవారికి వేయరాదు. ధర చూసి దాచుకోరాదు. కొత్తది కొనేటప్పుడు ఎండకు తట్టుకునే పదార్థం కలిపినదా అని అడగాలి. పలుచని కుర్చీ కంటె బరువైన కుర్చీ మేలు. నీడలో ఉంచిన చవక కుర్చీ ఎండలో ఉంచిన ఖరీదైన కుర్చీకన్న ఎక్కువకాలం నిలుస్తుంది.

వృద్ధులకు మరొక సదుపాయం కూడా చూడాలి. వారు లేచేటప్పుడు చేతులపై బరువు మోపుతారు. కుర్చీ చేతులు పీట ముందు అంచుదాకా రావాలి. పీట మోకాలి ఎత్తుకు తగ్గకూడదు. చాలా లోతుగా, పల్లంగా చేసిన తోట కుర్చీలు చూడడానికి రాజసంగా ఉంటాయి గాని, మోకాళ్ల నొప్పులున్నవారికి వాటినుండి లేవడమే ఒక పరీక్ష.

కాలి కింద ఏమున్నది?

సామాను ఎంత మంచిదైనా దానిని తడినేలపై నేరుగా నిలబెడితే ఆయుష్షు తగ్గుతుంది. కొయ్య కాలి అడుగు కర్ర నిలువుపోగు తెరచుకున్న చోటు. అది దీపపు వత్తిలా నేలలోని తేమను పైకి పీలుస్తుంది. చెదలకూ అదే ప్రవేశద్వారం. ప్రతి కాలి కింద ఒక రాతిపలక వేయడం, కాలి అడుగుకు నూనెగాని తారుగాని ఇంకేదాకా పట్టించడం, లేదా ఇత్తడి, ప్లాస్టిక్ తొడుగు వేయడం చాలు. తొడుగు వదులుగా ఉంటే అందులోనే నీరు నిలుస్తుందని మరువరాదు. మొక్కలకు నీరు పోసే చోటికి దూరంగా, చూరునీరు కారే చోటికి ఎడంగా సామాను వేయాలి.

పట్టా కప్పి భద్రపరచామనుకునేవారు ఒక పొరపాటు చేస్తుంటారు. నేలదాకా బిగించిన ప్లాస్టిక్ పట్టా కింద నేల ఆవిరి చిక్కుకొని చెమ్మగిలుతుంది. పట్టా తీసేసరికి బూజు. కప్పు బల్లకు మించి ఉండాలి. పక్కలు గాలికి తెరచి ఉండాలి. నడుమ ఎత్తుగా ఉండి నీరు జారిపోవాలి.

ఏటా రెండు మధ్యాహ్నాలు

ఆరుబయటి సామానుకు సంవత్సరంలో రెండు మధ్యాహ్నాలు కేటాయిస్తే చాలు. ఒకటి వానలకు ముందు, ఒకటి వానల తరువాత. దేశంలో అధికభాగానికి మొదటిది మే నెల, రెండవది అక్టోబరు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు వాన కురిసే తమిళనాడు, నెల్లూరు ప్రాంతాలలో మొదటిది సెప్టెంబరుకు, రెండవది జనవరికి మారుతుంది.

మొదటి మధ్యాహ్నం సామానునంతటినీ తిరగవేసి చూడాలి. వదులైన బోల్టులు బిగించాలి. ఊగే కీలును విప్పి, ఆరబెట్టి, తిరిగి బిగించాలి. తడి కీలుపై జిగురు పోయడం వ్యర్థం. ఇనుముపై తుప్పు మచ్చలను గరుకు కాగితంతో మెరిసే లోహం కనబడేదాకా రుద్ది, అదే రోజున రెడ్ ఆక్సైడ్ పూత, ఆరిన తరువాత రెండు పూతల ఎనామెల్ రంగు వేయాలి. తుప్పుపైన రంగు వేస్తే తుప్పు లోపలనే పెరుగుతుంది. రెండవ మధ్యాహ్నం కడగడానికి. మెత్తని బ్రష్, సబ్బునీరు, తరువాత మంచినీరు. తీరప్రాంతాలవారు ఉప్పు పోవడానికి నెలకొకసారి మంచినీటితో కడగడం మంచిది.

టేకు సామాను రెండు మూడేళ్లలో వెండిబూడిద రంగుకు తిరుగుతుంది. ఇది చెడిపోవడం కాదు. ఎండకు పైపొర మాత్రమే మారుతుంది. దానిని అలాగే ఉంచవచ్చు. పసుపువన్నె నిలుపుకోదలచినవారు ఏటా అవిసెనూనె పట్టించి, పదిహేను నిమిషాల తరువాత మిగిలిన జిడ్డును తుడిచివేయాలి. మెరుపు వార్నిష్ ఆరుబయటికి తగదు. ఎండకు పగిలిన ఆ పొరలోనుండి నీరు దిగి, తిరిగి రాలేక లోపలనే ఉండిపోతుంది. తీరప్రాంతపు బెస్తలు పడవలకు పూసే జీడిగింజ పెంకు నూనె కర్రకు మంచి రక్షణ. అయితే అది చర్మాన్ని కాల్చుతుంది. చేతితొడుగులు లేకుండా తాకరాదు. పూర్తిగా ఆరేవరకు కూర్చోరాదు.

అవిసెనూనె తుడిచిన గుడ్డల విషయంలో కఠినమైన జాగ్రత్త అవసరం. ఆ నూనె గాలి తగిలి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డలను ఉండగా చుట్టి మూలన పడవేస్తే ఆ వేడి పోయే దారి లేక తమంతట తామే అంటుకుంటాయి. నిప్పురవ్వ అవసరం లేదు. పని ముగియగానే వాటిని బయట విడివిడిగా పరచి ఆరవేయాలి, లేదా నీటిలో ముంచివేయాలి.

పాతకర్ర కొని బెంచీలు చేయించేవారికీ ఒక హెచ్చరిక. డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో సొంఠి కామేశం 1930లలో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలతో కర్రను శుద్ధి చేసే పద్ధతిని కనిపెట్టాడు. ప్రపంచమంతటా కోట్ల విద్యుత్ స్తంభాలను చెదలనుండి, కుళ్లునుండి కాపాడిన ఘనత దానిది. కాని ఆర్సెనిక్ విషం గనుక 2003 ముగిసిన తరువాత అమెరికాలో ఇళ్లకు వాడే కర్రకు ఆ మందు వేయడం మానివేశారు. అటువంటి పాత స్తంభాలను, తారునూనె పట్టించిన పాత రైలు దుంగలను కూర్చునే సామానుకు, పిల్లల ఊయెలలకు వాడరాదు. వాటిని పొయ్యిలో కాల్చడం మరింత ప్రమాదకరం.

ధర ఎంత, సంవత్సరానికి ఎంత?

కొనేటప్పుడు వేయవలసిన లెక్క ఒకటున్నది. ఉదాహరణకు 3,000 రూపాయల బెంచీ మూడేళ్లు వస్తే ఏటికి వేయి రూపాయలు పడినట్లు. 12,000 రూపాయల బెంచీ ఇరవయ్యేళ్లు వచ్చి, దానిపై ఏటా 200 రూపాయలు నూనెకు, వడ్రంగికి పెట్టినా ఏటికి 800 మించదు. పైగా మొదటి బెంచీ చెత్తకుప్పకు పోతుంది. రెండవదాని కర్ర చివరకు మరొక పీటకు పనికివస్తుంది. అయితే ఈ లెక్క సరిపోవడానికి ఒక షరతు ఉన్నది. ఆ బెంచీని బాగుచేయగలిగిన మనిషి ఊళ్లో ఉండాలి. ఒక బద్ద మార్చడానికి, ఒక కుర్చీ అల్లడానికి పిలిస్తే వచ్చే వడ్రంగి, పేముపనివాడు పని లేక వృత్తి మానుకుంటున్నారు. విరిగినదానిని పారవేసి కొత్తది కొనే అలవాటు పెరిగినకొద్దీ వారి సంఖ్య తగ్గుతుంది. వారు తగ్గినకొద్దీ పారవేయక తప్పని స్థితి పెరుగుతుంది. ఏడాదికొకసారి చిన్న మరమ్మతు పని ఇవ్వడం ఆ గొలుసును ఆపే సులభమైన ఉపాయం.

కొనదలచినవారు చేయవలసిన తుది పరీక్షకు పరికరాలేవీ అక్కరలేదు. ఒక చెంబెడు నీరు కుర్చీపై పోయించి కాసేపు ఆగాలి. పీటపై మడుగు కట్టినదా? కీళ్లలోకి దిగి తిరిగి రాలేదా? కాళ్లలోపల నీరు కదిలే చప్పుడు వినబడుతున్నదా? ఈ మూడింటికీ లేదన్నదే సమాధానమైతే ఆ కుర్చీ కొనదగినది. దుకాణదారు అందుకు ఒప్పుకోకపోతే, వాన ఒకనాడు ఎలాగూ ఆ పరీక్ష చేయకమానదు. అప్పటికి డబ్బు చెల్లించివేసి ఉంటారు.